ఆడాల్సిన కథను పుస్తకంలో పెడితే

హేలో ఆటలు తయారుచేసే స్టూడియో 2025 అక్టోబర్‌లో ఒక సంగతి బయటపెట్టింది. 2001లో వచ్చిన తొలి హేలో ఆట క్యాంపెయిన్‌ను అన్‌రియల్ ఇంజిన్ 5 మీద మళ్లీ మొదట్నుంచీ కట్టి, 2026లో విడుదల చేస్తామని చెప్పింది. ఇన్నేళ్లూ మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్‌కు ముఖచిత్రంలా నిలిచిన ఆట ఇప్పుడు పోటీదారు సోనీ ప్లేస్టేషన్ 5 మీదికి కూడా వెళ్తోందన్న కబురు చుట్టూనే చర్చంతా తిరిగింది. అంతకంటే ఆసక్తికరమైన ప్రశ్న మాత్రం మరుగున పడింది. ఈ వరసలో ఎనిమిది షూటర్ ఆటలు వచ్చాయి. ఇన్నేళ్లలో యంత్రాలూ మెరుగయ్యాయి, బృందాలూ పెరిగాయి. అయినా కొత్త ఆటగాళ్లను పిలవాల్సి వచ్చేసరికి స్టూడియో పాతికేళ్లనాటి మొదటి కథనే ఎందుకు చేతికి తీసుకుంది? పాత అభిమానుల బెంగను సొమ్ము చేసుకోవడానికి అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. కానీ ఎనిమిది క్యాంపెయిన్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో కారణం కనబడుతుంది. మొదటి కథ ఎవరి సాయమూ అడగదు. దాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిందంతా ఆటలోనే ఉంది, అందులో ముఖ్యమైనదంతా ఆటగాడి చేతుల మీదుగానే జరుగుతుంది. తర్వాతి ఆటల్లో ఏది నిలిచింది, ఏది తడబడింది అన్నది కూడా ఈ రెండు గుణాలను బట్టే తేలుతుంది.

క్యాంపెయిన్ అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. మన ఇళ్లలో పిల్లలు ఆడే పబ్‌జీ, ఫ్రీ ఫైర్ లాంటివి ఎంతోమంది మనుషులు ఒకరితో ఒకరు తలపడే ఆటలు. వాటిలో కథ ఉండదు, రౌండు ముగిస్తే మళ్లీ మొదటికే. క్యాంపెయిన్ దీనికి పూర్తిగా వేరు. ఒక్కరే కూర్చుని మొదలు నుంచి చివరిదాకా ఆడే కథ అది. దాన్ని మిషన్లుగా విడగొడతారు. ప్రతి మిషన్‌లోనూ ఒక పని ఉంటుంది, దానికి అడ్డుపడే శత్రువులుంటారు. శత్రువులను నడిపేది కంప్యూటరే. మధ్యమధ్య సినిమాలా నడిచే దృశ్యాలు వస్తాయి, అప్పుడు ఆటగాడి చేతిలో ఏమీ ఉండదు, చూస్తూ కూర్చోవడమే. హేలో కథ 26వ శతాబ్దంలో జరుగుతుంది. కవనెంట్ అనే గ్రహాంతర జాతుల కూటమి మనుషుల మీద యుద్ధం చేస్తుంది. ఆకుపచ్చ కవచం తొడిగిన మాస్టర్ చీఫ్ అనే సైనికుడు, అతని కవచంలో ఉండి దారి చెప్పే కోర్టానా అనే కృత్రిమ మేధ ఇద్దరూ కథానాయకులు. అంతరిక్షంలో తేలే ఉంగరం ఆకారపు కృత్రిమ లోకం పేరే హేలో.

2001 నవంబర్ 15న వచ్చిన మొదటి ఆటలో ద సైలెంట్ కార్టోగ్రాఫర్ అనే మిషన్‌ను దగ్గర్నుంచి చూస్తే ఈ వరస బలం ఎక్కడుందో తెలుస్తుంది. విమానం సముద్రపు ఒడ్డున దించుతుంది. ఇసుకలోనే కాల్పులు మొదలవుతాయి. ఒడ్డు దక్కాక ఒక జీపు ఇస్తారు, ఇక ఆ దీవి మీది. తోడు సైనికులను ఎక్కించుకుని చుట్టూ తిరగొచ్చు, నడిచి వెళ్లొచ్చు, ఈ వైపు నుంచి రావచ్చు, ఆ వైపు నుంచి రావచ్చు. వెళ్లాల్సిన కట్టడంలోకి దిగాక శత్రువులు తలుపు మూసేస్తారు. దాన్ని తెరిచే మీట దీవిలో మరోచోట ఉంటుంది. వెళ్లి, తెరిచి, తిరిగి రావాలి. కథ ఇంతే. కానీ ఆ దారిలో జరిగే ప్రతి పోరాటమూ ఆటగాడి నిర్ణయం మీదే నడుస్తుంది. చేతిలో రెండు తుపాకులకే చోటుంటుంది కనుక ఏది ఉంచుకోవాలో, ఏది పారేయాలో క్షణక్షణం తేల్చుకోవాలి. శత్రువుల్లో ఒక్కొక్కరిదీ ఒక్కో స్వభావం. ఎలైట్లు నాయకులు, దెబ్బ తగిలితే చాటుకు వెళ్లి కవచం కోలుకున్నాక తిరిగొస్తారు. గ్రంట్లు పొట్టి సైనికులు, తమ ఎలైట్ పడిపోగానే కేకలు పెట్టి చెల్లాచెదరవుతారు. హంటర్లు జంటగా వస్తారు, వాళ్ల బలహీనత వీపులో ఉంటుంది. ఈ లోకపు కులక్రమం, భయం, క్రూరత్వం ఎవరూ ఉపన్యాసం ఇచ్చి చెప్పరు. కాలుస్తూ ఉండగా ఆటగాడికే తెలిసిపోతాయి.

ఆ ఆటలో లోపాలు లేవా అంటే ఉన్నాయి, పెద్దవే ఉన్నాయి. ద లైబ్రరీ అనే మిషన్‌లో ఒకే రకం వసారాలు వరసగా వస్తూనే ఉంటాయి, వాటిలో ఒకే రకం గుంపు మీద పడుతూనే ఉంటుంది. ద్వితీయార్ధంలో చాలా మిషన్లు ముందు చూసిన చోట్లకే వెనక్కి తీసుకెళ్తాయి. టూ బిట్రేయల్స్ అనేది అసాల్ట్ ఆన్ ద కంట్రోల్ రూమ్‌ను తిరగేసి ఆడించడమే. అలాంటప్పుడు దీన్ని కొలమానంగా పెట్టడం న్యాయమా అని ఎవరైనా అడగొచ్చు. ఇవి కట్టడంలో లోపాలు, కథను ఎవరి చేతికిచ్చారన్న విషయంలో లోపాలు కావు. చివరి మిషన్‌లో, పేలిపోబోతున్న ఓడలో, గడియారం వెనక్కి నడుస్తుంటే జీపు తోలుకుంటూ బయటపడాల్సింది ఆటగాడే. తోలడం చేతకాకపోతే కథ ముగియదు. ఇంకో గమనించదగ్గ సంగతి ఉంది. ఎరిక్ నైలండ్ రాసిన ద ఫాల్ ఆఫ్ రీచ్ అనే నవల ఆటకు రెండు వారాల ముందే, 2001 అక్టోబర్ 30న అచ్చయింది. చీఫ్ బాల్యం, శిక్షణ, తోటి సైనికులు అన్నీ అందులోనే ఉన్నాయి. అయినా ఆ నవల పేరు కూడా వినకుండా ఆట పూర్తిచేసినవాళ్లకు ఎక్కడా వెలితి తోచలేదు. అంటే పుస్తకాలు రావడం తప్పు కాదు. ఆట వాటి మీద ఒరిగిపోవడమే తప్పు.

2004 నవంబర్ 9న వచ్చిన హేలో 2 ఈ వాదానికి మొదటి పరీక్ష. అమెరికా, కెనడాల్లో మొదటి రోజే 12.5 కోట్ల డాలర్ల వ్యాపారం చేసిన ఆట అది. భూమి మీద యుద్ధం అని ఊరించి, తీరా రెండు మిషన్లు ఆడించి నగరం నుంచి బయటికి తీసుకెళ్లిందని చాలామంది నొచ్చుకున్నారు. చీఫ్ భూమికి తిరిగొచ్చి, ఈ యుద్ధం ముగిస్తానని ప్రకటించే చోట ఆట ఠక్కున ఆగిపోయింది. ఈ ఫిర్యాదులు సబబే. కానీ ఇదే ఆటలో, అప్పట్లో హేలోను తయారుచేసిన బంజీ సంస్థ రచయితలు చేసిన సాహసం ఒకటుంది. దాదాపు సగం కథను ఆర్బిటర్ అనే ఎలైట్‌గా ఆడించారు. మొదటి ఆటలో ఉంగరాన్ని కాపాడలేకపోయినందుకు కవనెంట్ మతపెద్దలు అవమానించి, ముద్ర వేసిన సేనాని అతను. మొదటి ఆటలో మనల్ని చూసి పరుగెత్తిన గ్రంట్లే ఇప్పుడు మన వెనక నడుస్తారు. మనం వెంటాడిన ఎలైట్లే మన పక్కన నిలబడి పోరాడతారు. తర్వాత ఎలైట్లను మతపెద్దలు మోసగించి, వాళ్ల స్థానాన్ని మరో జాతికి కట్టబెట్టినప్పుడు ఆ తిరుగుబాటును ఆటగాడు శత్రువు కవచంలో ఉండి నడుపుతాడు. కవనెంట్ రాజకీయం చిక్కుముడిలాంటిదే. దాన్ని ఏ నవలా చదవకుండానే అర్థం చేసుకోగలగడానికి కారణం ఆటగాడే అందులో ఒక పావు కావడం. అదే కాలంలో ఐ లవ్ బీస్ అనే అంతర్జాల కథ ప్రచారం కోసం నడిచింది. తెలిసినవాళ్లు ఆనందించారు, తెలియనివాళ్లు ఆటలో ఏదీ పోగొట్టుకోలేదు.

2007 సెప్టెంబర్ 25న వచ్చిన హేలో 3 కథను ముగించింది, అదీ ఆటగాడి చేతనే జీపు తోలించి మరీ. అందులోని పోరాటాల గురించి కొత్తగా చెప్పేది తక్కువ. తర్వాతి రెండు ఆటలు మాత్రం ఇంకొంచెం ఆగి చూడదగినవి. 2009 నాటి ఓడీఎస్‌టీలో చీఫ్ లేడు. పేరు కూడా చెప్పని ఒక కొత్త సైనికుడు శత్రువుల చేతిలోకి పోయిన న్యూ మొంబాసా నగరంలో, రాత్రి వానలో, తన జట్టు కోసం వెతుకుతుంటాడు. ఒకచోట వంగిన తుపాకీ దొరుకుతుంది, ఇంకోచోట శిరస్త్రాణం. ఒక్కో వస్తువు దొరికినప్పుడల్లా ఆ రోజు పగలు అక్కడేం జరిగిందో జట్టులో ఒకరిగా ఆడతాం. నగరంలో అక్కడక్కడా దొరికే శబ్ద రికార్డుల్లో సేడీ అనే అమ్మాయి కథ విడిగా సాగుతుంది. ఆటకు అవతల ఉన్న కథనూ, అక్కడక్కడా దాచిన రికార్డునూ ఒకటిగా చూడకూడదనడానికి ఇదే ఉదాహరణ. సేడీ కథ వినకపోయినా జట్టు కథ పూర్తవుతుంది. వింటే అదే వీధులు వేరేలా కనబడతాయి. దాన్ని వినడానికి ఆట వదిలి ఎక్కడికీ పోనక్కర్లేదు.

2010 సెప్టెంబర్ 14న వచ్చిన రీచ్ నా వాదానికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. నైలండ్ నవల చెప్పిన రీచ్ గ్రహ పతనమే దీని కథ కూడా. నవలలో ఆ పతనం 2552 ఆగస్టు 30న జరుగుతుంది. ఆటలో యుద్ధం జూలైలోనే మొదలై వారాల పాటు సాగుతుంది. నవల ప్రియులు దీన్ని తప్పుబట్టారు, తేదీల లెక్కలో వాళ్లదే పైచేయి. కానీ బంజీ పుస్తకానికి లొంగకుండా తన ఆటకు పనికొచ్చే కథను ఎంచుకుంది. ఆరుగురి జట్టులో చివరగా చేరిన నోబుల్ సిక్స్‌గా ఆడుతూ ఒక్కొక్కరినీ పోగొట్టుకుంటాం. ఆటగాడు తన సైనికుడికి తొడిగిన కవచమే సినిమా దృశ్యాల్లోనూ కనిపిస్తుంది. చీఫ్ ఓడ గ్రహం దాటి వెళ్లిపోయాక, కథ అయిపోయిందనుకున్నాక ఇంకొక చిన్న మిషన్ వస్తుంది. తెర మీద లక్ష్యంగా ఒకటే మాట కనిపిస్తుంది: బతికి ఉండు. గెలిచే దారి అసలు పెట్టనే లేదు. శత్రువులు తరగరు, శిరస్త్రాణం అద్దం దెబ్బదెబ్బకూ పగుళ్లు తీస్తుంది, ఎంత నేర్పు ఉంటే అంతసేపు నిలుస్తాం. ఓటమిని ఒక దృశ్యంగా చూపించి ఉంటే జాలి పడేవాళ్లం. చేతులతో ఆడించడం వల్ల అది ఆటగాడి సొంత ఓటమి అయింది. నవల పేజీల్లో దొరకని అనుభవం ఇది. నవలను పక్కనపెట్టినందుకే సాధ్యమైంది కూడా.

రీచ్ తర్వాత బంజీ తప్పుకుంది, హేలో బాధ్యత మైక్రోసాఫ్ట్ సొంత స్టూడియో 343 ఇండస్ట్రీస్‌కు వచ్చింది. 2012 నవంబర్ 6 నాటి హేలో 4లో ఒకే ఆటలో రెండు దారాలు పక్కపక్కన నడుస్తాయి. ఏది పనిచేసింది, ఏది చేయలేదు అని పరీక్షించడానికి ఇంతకన్నా అనువైన చోటు లేదు. మొదటి దారం కోర్టానా. ఇలాంటి కృత్రిమ మేధలు ఏడేళ్లకు చెడిపోతాయి, ఆమెకు ఎనిమిదేళ్లు నిండాయి. ఈ రెండు వాక్యాలూ ఆటలోనే చెప్తారు. తర్వాత దారి చూపాల్సిన గొంతే తడబడడం, కోపంతో అరవడం, క్షమాపణ అడగడం ఆటగాడు మిషన్ తర్వాత మిషన్‌లో వింటూ పోతాడు. రెండో దారం డైడాక్ట్ అనే ప్రతినాయకుడు. లక్ష ఏళ్లనాటి ఈ సేనాని మనుషులను ఎందుకు ద్వేషిస్తాడన్నది గ్రెగ్ బేర్ రాసిన నవలల్లో వివరంగా ఉంది. ఆటలో దాచిన టెర్మినళ్లలోనూ కొంత ఉంది గానీ, ఆ వీడియోలు చూడాలంటే ఆట వదిలి వేరే యాప్‌లోకి వెళ్లాలి. ఆటలో ఒక పాత్ర హడావుడిగా చెప్పే చరిత్ర పాఠమే మిగిలినవాళ్లకు దిక్కు. చివరి పోరాటం కూడా పోరాటం కాదు. మీట ముందుకు నొక్కి పాకడం, చెప్పినప్పుడు బటన్ నొక్కడం. డైడాక్ట్ కథ 2014లో ఒక కామిక్ పుస్తకంలో కొనసాగింది. ఆటగాళ్లలో ఎక్కువమందికి కోర్టానా వీడ్కోలు గుర్తుంది, డైడాక్ట్ గుర్తులేడు. రెండూ ఒకే ఆటలోవి, ఒకే స్టూడియో చేసినవి. తేడా అంతా కథ ఎక్కడుందన్న దాంట్లోనే ఉంది.

2015 అక్టోబర్ 27న హేలో 5 వచ్చేనాటికి ఇలా బయటి కథల మీద ఒరగడం అలవాటైపోయింది. 15 మిషన్లలో మూడింటిలోనే చీఫ్‌గా ఆడతాం. మిగిలినవన్నీ అతన్ని వెంటాడే లాక్ అనే అధికారివి. లాక్ ఎవరో తెలియాలంటే నైట్‌ఫాల్ అనే వీడియో సిరీస్ చూసి ఉండాలి. చీఫ్ పక్కన నడిచే ముగ్గురు నైలండ్ నవల నుంచి వచ్చినవాళ్లు. చదివినవాళ్లకు చిన్ననాటి మిత్రులు, చదవనివాళ్లకు మూడు రంగుల కవచాలు. కారెన్ ట్రావిస్ నవలల్లో పెరిగిన జుల్ మ్డామా అనే శత్రు నాయకుడు తొలి మిషన్ చివరే చనిపోతాడు, అదీ ఒక దృశ్యంలో, ఆటగాడి చేతిలో ఏమీ లేనప్పుడు. ఇక్కడ రెండు రకాల ఆటగాళ్లూ నష్టపోయారు. చదవనివాడికి అతనెవరో తెలియదు, చదివినవాడికి ఇన్ని పుస్తకాల విరోధం రెండు నిమిషాల్లో తేలిపోయింది. కదలికలూ తుపాకులూ ఈ ఆటలో అంతకు ముందుకన్నా చురుగ్గా ఉన్నాయన్నది నిజం. ఆ చురుకుదనం కథను గట్టెక్కించలేదన్నదీ అంతే నిజం.

2021 డిసెంబర్ 8న వచ్చిన ఇన్ఫినిట్ సగం దారి వెనక్కి వచ్చింది. విశాలమైన నేల, ఎటు నుంచైనా కోట మీద పడే స్వేచ్ఛ, దేనికైనా విసిరి తగిలించుకునే గ్రాపుల్‌షాట్ తాడు, ఇవన్నీ సైలెంట్ కార్టోగ్రాఫర్ దీవిని పెద్దది చేసినట్టే ఉంటాయి. పోరాటాల వరకు ఈ వరసలో మంచివాటిలో ఒకటి. కథ సంగతి వేరు. హేలో 4లో వీడ్కోలు పలికిన కోర్టానా హేలో 5 ముగింపుకల్లా విశ్వాన్నే శాసించేంత శక్తిగా తిరిగొచ్చింది. ఆ కథకు ఏమైందన్నది ఇన్ఫినిట్ మొదలయ్యేలోపే తెర వెనక జరిగిపోతుంది. మనకు తర్వాత జ్ఞాపకాలుగా, హోలోగ్రాములుగా చూపిస్తారు. కొత్త శత్రువులైన బానిష్‌డ్ దండు 2017 నాటి హేలో వార్స్ 2 అనే వేరే తరహా ఆటలో పుట్టింది. ఆటగాడు చేయాల్సిన అతి పెద్ద పని ఎవరో చేసేసి, దాని కబురు మాత్రం వినిపించారు.

నా వాదానికి బలమైన అభ్యంతరం ఒకటుంది. ఇరవై ఏళ్ల కథను ప్రతిసారీ అ ఆల నుంచి చెప్పలేం కదా, తెలిసినవాళ్లని నమ్మి మొదలుపెట్టడం మన సంప్రదాయంలోనూ ఉంది కదా అంటారు. పద్యనాటకంలో కృష్ణ రాయబారం సీను నేరుగా మొదలవుతుంది, పాండవులెవరో ఎవరూ వివరించరు. ఛత్తీస్‌గఢ్‌లో రాయపూర్ దగ్గరున్న ఆరంగ్‌ను అక్కడివాళ్లు మయూరధ్వజుడి రాజధానిగా చెప్పుకుంటారు. జైమిని భారతం ద్వారా మనకూ తెలిసిన ఆ రాజు కథను ఆ ఊళ్లో ఏ మధ్య ఘట్టం నుంచి ఎత్తుకున్నా వినేవాడు తడుముకోడు. ఈ పోలిక సరైనదే, కాకపోతే అది నా వాదాన్నే బలపరుస్తుంది. ఆ కథలు ఊరందరి ఆస్తి. అవ్వ చెప్పింది, హరిదాసు చెప్పాడు, డబ్బిచ్చి కొన్నది కాదు. హేలో నవలలు ఆడేవారిలో కొద్దిమందే కొని చదివినవి. పైగా మన దేశపు ఆటగాడి పరిస్థితి చూడండి. ఇక్కడికి ఎక్స్‌బాక్స్ 360 వచ్చిందే 2006లో. పాత ఆటలన్నీ కలిపిన మాస్టర్ చీఫ్ కలెక్షన్ 2019 డిసెంబర్ నుంచి ఒక్కో ఆటగా పీసీకి వచ్చాక, ఆరంగ్‌లోనో అనకాపల్లిలోనో కంప్యూటర్ ఉన్న కుర్రాడు వాటిని ఒకేచోట, తన ఇష్టం వచ్చిన వరసలో ఆడగలిగాడు. హేలో 5 క్యాంపెయిన్ పీసీకి విడుదలే కాలేదు. అలాంటివాడు హేలో 4 నుంచి నేరుగా ఇన్ఫినిట్‌లోకి దూకితే మధ్యలో ఒక గొయ్యే ఉంటుంది. తన కాళ్ల మీద నిలబడే క్యాంపెయిన్ అవసరం ఇలా ఆలస్యంగా వచ్చినవాడికే అందరికన్నా ఎక్కువ.

ఈ పాఠం ఆటలకే పరిమితం కాదు. మన సినిమా కూడా ఇప్పుడు ఒకే కథాలోకాన్ని నాలుగు చోట్ల పరిచే దారిలో ఉంది. బాహుబలి మొదటి భాగం 2015లో కట్టప్ప ప్రశ్న దగ్గర, హేలో 2 లాగే, ఠక్కున ఆగింది. 2017లో శివగామి మీద ఆనంద్ నీలకంఠన్ నవల వచ్చింది, జవాబు మాత్రం రెండో సినిమాలోనే దొరికింది. 2024లో కల్కి 2898 ఏడీకి ముందు బుజ్జి అండ్ భైరవ యానిమేషన్ వచ్చింది, అది చూడనివాళ్లకూ సినిమా అర్థమైంది. పక్క కథలు పక్కనే ఉండాలన్న ఈ క్రమశిక్షణ లోకం పెద్దదయ్యేకొద్దీ కష్టమవుతుంది. ఎందుకంటే ఒక్కో నవల, ఒక్కో సిరీస్ తన పాత్రకు అసలు కథలో చోటు అడుగుతుంది. 343 ఇండస్ట్రీస్ ఆ ఒత్తిడికి లొంగింది. ఆ స్టూడియోయే ఇప్పుడు హేలో స్టూడియోస్‌గా పేరు మార్చుకుని మొదటి కథకు తిరిగొచ్చింది, దానికి ముందు జరిగినట్టుగా మూడు కొత్త మిషన్లు కూడా చేరుస్తామని చెప్పింది. బొమ్మ ఎంత మెరుగైందన్నది చూడగానే తెలిసిపోతుంది. తీర్పు చెప్పాల్సింది ఆ మూడు మిషన్లను బట్టి: ఏ పుస్తకమూ చదవనివాడు వాటిని ఆడి, ఎవరినీ ఏమీ అడగకుండా ముందుకు సాగగలిగితే స్టూడియో తన పొరపాటును గుర్తించినట్టే. లేకపోతే పాత ఆటకు కొత్త రంగు వేసినట్టే.